వదులుకున్న పంట కూడా ఖర్చే

ఎకరం వరి పండించడానికి ఎంత ఖర్చవుతుందని పరకాల వైపు రైతును అడిగితే వేళ్ల మీద లెక్క చెబుతాడు. దున్నకం, నారు, నాటు కూలి, ఎరువు, మందులు, కోత మిషన్ కిరాయి, కల్లం నుంచి కొనుగోలు కేంద్రం దాకా ట్రాక్టర్ కిరాయి. కౌలు భూమి అయితే కౌలు. లెక్క పక్కాగానే ఉంటుంది గానీ అందులో ఒక పద్దు కనిపించదు. అదే ఎకరంలో పత్తో మక్కో వేసి ఉంటే ఎంత మిగిలేది? ఆ డబ్బు జేబులోంచి పోలేదు కనుక ఎవరూ ఖర్చు కింద రాసుకోరు. వరి వేద్దామని అనుకున్న రోజునే అది చేజారింది. అర్థశాస్త్రం దీన్ని అవకాశ వ్యయం అంటుంది. ఒక పని కోసం వదులుకున్న వాటిలో అన్నిటికన్నా మేలైనదాని విలువే ఆ పనికి అసలు ఖరీదు. వదులుకున్నవన్నీ కలిపి లెక్కించకూడదు. ఎకరంలో ఒక కారుకు ఒక పంటే వేయగలం కాబట్టి, పోయింది కూడా ఒక్క పంటే.

హనుమకొండలో గది తీసుకుని గ్రూపులకో కానిస్టేబుల్ ఉద్యోగానికో చదువుకునే పిల్లల ఇళ్లల్లోనూ ఇదే జరుగుతుంది. కోచింగ్ ఫీజు, గది కిరాయి, మెస్ బిల్లు అందరికీ గుర్తుంటాయి. నిజానికి మెస్ బిల్లులో చాలా భాగం చదువు ఖర్చు కానే కాదు. ఊళ్లో ఉన్నా అన్నం తినాల్సిందే కదా. మూడు నాలుగేళ్ల పాటు సంపాదించగలిగి సంపాదించని జీతం మాత్రం అసలైన ఖర్చు, చాలాసార్లు ఫీజుకు ఎన్నో రెట్లు. చదువు మానమని దీని అర్థం కాదు. నోటిఫికేషన్ ఏడాది ఆలస్యమైతే ఒక్కో ఇంటి మీద ఎంత భారం పడుతుందో ఈ లెక్క వేస్తేగానీ తెలియదు.

కొన్నిసార్లు ఈ వ్యయాన్ని ప్రభుత్వ విధానమే కనపడకుండా చేస్తుంది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చింది. బోరు కింద వరి పెట్టే రైతుకు నీళ్లు తోడే ఖర్చు సున్నా. వడ్లను మద్దతు ధరకు కొంటారన్న భరోసా ఉంది. నాటు తప్ప మిగతా పని చాలావరకు మిషన్లతో అయిపోతుంది. పత్తి అలా కాదు, చెట్టు చెట్టుకూ మనిషి వంగి ఏరాల్సిందే. కంటికి కనిపించే ధరల మేరకు వరి ఎంచుకున్న రైతు నిర్ణయం సరైనదే. ఆ కరెంటుకు, భూమిలోంచి తోడిన నీటికి ఉన్న అవకాశ వ్యయం మాత్రం రాష్ట్ర ఖజానా మీద, పక్క రైతు ఎండిన బోరు మీద పడుతుంది. పంట మార్పిడి చేయమని రైతుకు ఎన్ని సదస్సులు పెట్టి చెప్పినా, ఈ ధరలు మారనంత కాలం ఆయన లెక్క మారదు.

ఇక్కడి నుంచి వర్తకం దగ్గరికి వెళ్లాలంటే ఇద్దరు రైతులను ఊహించుకుంటే చాలు. ఇద్దరికీ చెరో ఆరెకరాలు. ఒకరిది కాకతీయ కాలువ కింద నల్లరేగడి, రెండోవారిది ఎర్ర చెల్క. రేగడిలో ఎకరానికి 24 క్వింటాళ్ల వడ్లో 6 క్వింటాళ్ల పత్తో వస్తుందనుకుందాం. చెల్కలో వడ్లయితే 15, పత్తి అయితే 5. రేగడి రైతు రెండింటిలోనూ ముందున్నాడు. అలాంటప్పుడు ఆయనకు చెల్క రైతుతో పనేముంది? అన్నీ తానే పండించుకోవచ్చు కదా?

రేగడి రైతు ఒక క్వింటాలు పత్తి పండించాలంటే 4 క్వింటాళ్ల వడ్లు వదులుకోవాలి. చెల్క రైతు 3 క్వింటాళ్లు వదులుకుంటే చాలు. అంటే దిగుబడిలో వెనకబడ్డ చెల్కలోనే పత్తి చౌకగా పండుతోంది. రూపాయల్లో కాదు, వడ్లలో చౌక. ఇద్దరూ సగం సగం వేస్తే రేగడి నుంచి 72 క్వింటాళ్ల వడ్లు, 18 పత్తి వస్తాయి. చెల్క నుంచి 45 వడ్లు, 15 పత్తి. మొత్తం 117 వడ్లు, 33 పత్తి. ఇప్పుడు చెల్క రైతు ఆరెకరాలూ పత్తి వేసి 30 క్వింటాళ్లు తీస్తే, రేగడి రైతు అరెకరం మాత్రమే పత్తికి ఉంచి, అయిదున్నర ఎకరాలు వరి పెట్టొచ్చు. అప్పుడు పత్తి అదే 33 క్వింటాళ్లు. వడ్లు 132.

అదనంగా 15 క్వింటాళ్ల వడ్లు ఎక్కడి నుంచి వచ్చాయి? ఒక్క వాన ఎక్కువ పడలేదు, కొత్త విత్తనం రాలేదు, ఎవరూ ఒక్క గంట ఎక్కువ కష్టపడలేదు. ఏ నేలలో ఏ పంటకు తక్కువ వదులుకోవాలో చూసి పంచుకున్నారు, అంతే. అర్థశాస్త్రంలో తులనాత్మక ప్రయోజనం అనే సూత్రం ఇదే. ఎవరు ఎక్కువ పండిస్తారన్న పోటీకీ దీనికీ సంబంధం లేదు. రెండింటిలోనూ వెనకబడినవాడికి కూడా ఏదో ఒకదాంట్లో ఈ ప్రయోజనం ఉండి తీరుతుంది. ఒకటి ఎక్కువ ఖరీదైతే రెండోది ఆ మేరకు చౌక కాక తప్పదు. ఇద్దరి నిష్పత్తులూ సరిగ్గా ఒకటే అయినప్పుడు మాత్రం మార్చుకోవడానికి ఏమీ మిగలదు. పేద ప్రాంతం, వెనకబడిన జిల్లా, తక్కువ చదువుకున్న మనిషి వర్తకంలో ఇవ్వడానికి ఏమీ లేనివారన్న అభిప్రాయాన్ని ఈ చిన్న లెక్క కొట్టిపారేస్తుంది. ఈ శాస్త్రం చెప్పిన మాటల్లో ఇంతకన్నా ఊరటనిచ్చేది తక్కువే.

ఈ వాదాన్ని లెక్కలతో అందరికీ తెలిసేలా పెట్టింది ఆంగ్ల అర్థశాస్త్రవేత్త డేవిడ్ రికార్డో, 1817 నాటి తన గ్రంథంలో. ఆయన ఉదాహరణ ఇంగ్లండు, పోర్చుగల్. కొంత బట్ట నేయడానికి ఇంగ్లండులో ఏడాదికి 100 మంది శ్రమ కావాలి, కొంత ద్రాక్షసారాకు 120 మంది. పోర్చుగల్‌లో అదే బట్టకు 90, సారాకు 80. పోర్చుగల్ రెండింటిలోనూ మెరుగే. అయినా పోర్చుగల్ సారా చేసి, ఇంగ్లండు బట్ట నేసి మార్చుకుంటే, 390 మంది చేసే పని 360 మందితో అయిపోతుంది. ఒక శతాబ్దం తర్వాత అర్థశాస్త్రవేత్త గాట్‌ఫ్రీడ్ హాబెర్లర్ ఈ సిద్ధాంతాన్ని శ్రమ లెక్క నుంచి తప్పించి అవకాశ వ్యయం భాషలోకి మార్చాడు. పైన ఇద్దరు రైతుల లెక్క ఆ పద్ధతిదే. రికార్డో గురించి సాధారణంగా చెప్పకుండా వదిలేసే సంగతి ఒకటి ఉంది. అదే గ్రంథం ముందుమాటలో, పండిన సంపద భూస్వాములకు, పెట్టుబడిదారులకు, కూలీలకు ఏ సూత్రాల ప్రకారం పంచబడుతుందో తేల్చడమే ఈ శాస్త్రం ముందున్న ముఖ్య సమస్య అని రాశాడు. స్వేచ్ఛా వర్తకానికి పెద్దదిక్కుగా చెప్పుకునే మనిషి వర్తకం కన్నా ముందు పెట్టింది పంపకాన్ని.

ఆ పంపకమే ఉత్తర తెలంగాణలో అసలు సమస్య. అదనంగా వచ్చిన 15 క్వింటాళ్లు ఎవరి ఇంటికి వెళ్తాయి? సిద్ధాంతం చెప్పేది ఒక్కటే: క్వింటాలు పత్తికి ధర 3 నుంచి 4 క్వింటాళ్ల వడ్ల మధ్య ఎక్కడో ఉంటుంది. మూడున్నర దగ్గర బేరం కుదిరితే, చెల్క రైతు 15 క్వింటాళ్ల పత్తి ఇచ్చి 52.5 క్వింటాళ్ల వడ్లు తెచ్చుకుంటాడు. ఇద్దరికీ చెరో 7.5 క్వింటాళ్లు మిగులు. 3.1 దగ్గర కుదిరితే చెల్క రైతుకు మిగిలేది క్వింటాలున్నర, మిగతా 13.5 రేగడి రైతుకు. రెండు బేరాల్లోనూ ఇద్దరూ లాభపడ్డారన్న మాట నిజమే. రెండూ ఒకటే అనడం మాత్రం అన్యాయం. ప్రభుత్వ లెక్క చూస్తే 2025–26కు సాధారణ రకం వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు, పొడవు పింజ పత్తికి 8,110. నిష్పత్తి సుమారు 3.4. ఆ ధర దక్కితే చెల్క రైతుకు గౌరవప్రదమైన వాటానే వస్తుంది. దక్కడమే కష్టం. మద్దతు ధరకు కొనే ప్రభుత్వ సంస్థ అయిన భారత పత్తి సంస్థ (సీసీఐ) 12 శాతం దాటి తేమ ఉన్న పత్తిని కొనదు. దీపావళి వానలో తడిసిన పత్తిని ఆరబెట్టుకునే చోటు, ఆగగలిగే స్తోమత లేని రైతు ప్రైవేటు వ్యాపారి చెప్పిన రేటుకు ఇచ్చేస్తాడు.

మిర్చి సీజన్‌లో వరంగల్ ఎనుమాముల మార్కెట్‌ను చూస్తే ఈ పంపకం ఎలా జరుగుతుందో కళ్లకు కడుతుంది. రాత్రే వచ్చిన బస్తాలు యార్డు నిండా ఉంటాయి. పొద్దున జెండా పాట. ఆ పూట మేలైన సరుకుకు పలికిన గరిష్ఠ ధర అది, మరునాడు పేపర్లో అచ్చయ్యేదీ అదే. ఆ తర్వాత రాశి రాశికీ ధర దిగుతుంది. తేమ ఉందంటారు, తాలు కలిసిందంటారు, రంగు తగ్గిందంటారు. రైతు వద్దనొచ్చు. వద్దంటే ఏమవుతుంది? బస్తాలను మళ్లీ ఎక్కించాలి, హమాలీ ఖర్చు, బండి కిరాయి, ఇంకో రోజు పని పోవడం, రేపటి ధర ఇంకా పడిపోతుందేమోనన్న భయం. పెట్టుబడికి అప్పిచ్చింది సరుకు అమ్మిపెట్టే అడ్తిదారే (కమిషన్ ఏజెంటే) అయితే ఇంకో అడ్తికి పోయే దారే లేదు. అమ్మను అని చెప్పడానికి కూడా ఒక అవకాశ వ్యయం ఉంది. అది ఎవరికి ఎక్కువో బేరంలో వాళ్లే తగ్గుతారు.

అందుకే ధర గురించి మాట్లాడేటప్పుడు గిడ్డంగి గురించి, అప్పు గురించి మాట్లాడాలి. మిర్చి కోల్డ్ స్టోరేజీలో నెలల తరబడి చెడకుండా ఉంటుంది. స్టోరేజీ రసీదు మీద బ్యాంకు న్యాయమైన వడ్డీకి అప్పిస్తే, సరుకు ముంచెత్తే మార్చి నెలలో కాకుండా రైతు తనకు అనువైనప్పుడు అమ్ముకోగలడు. ఆ సౌకర్యం వ్యాపారికి ఎప్పటి నుంచో ఉంది. ఒకే మిర్చిని మార్చిలో కొని ఆగస్టులో అమ్మి వ్యాపారి సంపాదించేది, చాలామట్టుకు, రైతు ఆగలేకపోయినందుకు చెల్లించిన మూల్యం. ఇందులో వర్తకం తప్పు లేదు. రైతును ఒట్టి చేతులతో వర్తకానికి పంపడమే తప్పు.

వర్తకం జరగాలంటే ముందు దారిలో పోయే ఖర్చు తగ్గాలన్న ఎరుక ఓరుగల్లుకు కొత్తది కాదు. కాకతీయ గణపతిదేవుడు 1244–45లో తూర్పు తీరంలోని మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. తుపానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును అంతకుముందు రాజులు బలవంతంగా లాక్కునేవారని, ఇకమీదట నిర్ణీత సుంకం తప్ప ఏమీ తీసుకోబోమని అందులో ఉంది. సుంకం ముప్పయ్యో వంతు. కర్పూరం, గంధం, ముత్యాలు, పట్టు, మిరియాలు వంటి సరుకుల పేర్లున్నాయి. ప్రాణాలకు తెగించి సముద్రం మీద వచ్చే వర్తకుడికి సుంకం కన్నా అనిశ్చితే పెద్ద ఖర్చు. ఓడ మునిగితే సరుకూ పోతుందన్న భయాన్ని తీసేస్తే, అంతకుముందు గిట్టుబాటు కాని ఎన్నో ప్రయాణాలు గిట్టుబాటవుతాయి. ఆ శాసనంలో మిరియాలు ఉన్నాయి గానీ మిరపకాయ ఉండే అవకాశమే లేదు. అది అమెరికా ఖండపు పంట, పోర్చుగీసు వర్తకుల ద్వారా తర్వాతి కాలంలో మన దేశానికి చేరింది. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ చపాట మిర్చి కూడా ఆ రకంగా సముద్ర వర్తకం పెట్టిన భిక్షే.

సిద్ధాంతం పట్టించుకోని విషయాల్లో మొదటిది నష్టభయం. చెల్క రైతు ఆరెకరాలూ పత్తి వేస్తే లాభమని కాగితం మీద తేలింది. కాగితం మీద పురుగు ఉండదు. 1997–98లో వరంగల్ జిల్లా పత్తి రైతుల మీద లద్దె పురుగు విరుచుకుపడింది. చల్లిన మందులు పని చేయలేదు, అప్పులు తీరే దారి లేదు. వందల ఇళ్లలో చావు కబుర్లు. ఇంకో పంట చేతిలో ఉండి ఉంటే అందరూ బతికేవారని అనలేం. అంతా ఒక్క పంట మీదే ఉండటం మాత్రం దెబ్బను రెట్టింపు చేసింది. 2021 చివర్లో మిర్చి మీద నల్ల తామర పురుగు వచ్చినప్పుడు మహబూబాబాద్, ములుగు, వరంగల్ ప్రాంతాల్లో తోటలకు తోటలే పోయాయి. ఆ ఏడాది ధర బాగా పెరిగింది, అమ్మడానికి కాయ ఉన్నవాళ్లకు. కాబట్టి ఆరెకరాల్లో ఒకటిన్నర ఎకరం తిండిగింజలకు ఉంచుకునే రైతును లెక్క రానివాడు అనుకోకూడదు. పంట బీమా లేనిచోట ఆయన తన బీమా తానే కట్టుకుంటున్నాడు, వదులుకున్న పత్తి దానికి ప్రీమియం. నమ్మదగిన బీమా ఉంటే ఆ భూమి కూడా ఎక్కువ ఫలితమిచ్చే పంటకు మళ్లుతుంది. వర్తకం వల్ల వచ్చే లాభాన్ని పెంచాలనుకునే ప్రభుత్వం ముందు చూడాల్సింది అక్కడ.

రెండోది, మనుషులు నేలలా మారరు. వరి మడిని మరుసటి ఏడు పత్తి చేను చేయొచ్చు. నలభై అయిదేళ్ల మగ్గం కార్మికుణ్ని మరుసటి ఏడు ఇంకో వృత్తికి మార్చలేం. 1934లో వరంగల్‌లో మొదలైన ఆజంజాహీ మిల్లు కొన్ని తరాలకు అన్నం పెట్టి, చివరికి మూతపడింది. మూతపడ్డ మిల్లు భూమికి వెంటనే కొత్త ఉపయోగం దొరుకుతుంది. కార్మికుడి చేతిలోని నేర్పుకు దొరకదు. దూది దారం అవ్వడానికి, దారం బట్ట అవ్వడానికి వరంగల్ పత్తి వేరే రాష్ట్రాలకు వెళ్లింది. దాని వెనకే నేతగాళ్లు సూరత్‌కు, భివండికి, షోలాపూర్‌కు వెళ్లారు. జిల్లా మొత్తానికి లాభమేనని ఎవరైనా లెక్క వేసి చూపినా, పోగొట్టుకున్నవారికి లాభపడ్డవారి నుంచి ఏమీ రాలేదు. వర్తకం వల్ల మొత్తంగా లాభమన్న మాటకు, నష్టపోయినవారికి పరిహారం ఇచ్చాక కూడా మిగులుతుందన్నది ఆధారం. పరిహారం ఇవ్వనేలేదంటే ఆ మాట సగం మాటే.

రికార్డో లెక్కలో సరుకులు సరిహద్దు దాటుతాయి, శ్రామికులు, పెట్టుబడి దాటవు. ఉత్తర తెలంగాణలో మనుషులే దాటుతున్నారు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల నుంచి యువకులు గల్ఫ్‌కు పోతారు. అక్కడి కూలి ముందు ఇక్కడి కూలి వదులుకోవడం సులువైన నిర్ణయమే. వాళ్లు వదిలిన పొలాల్లో నాట్లు వేయడానికి బీహార్, ఉత్తరప్రదేశ్ నుంచి ముఠాలు వచ్చి ఎకరాకు ఇంతని గుత్త పట్టుకుంటున్నాయి. ప్రతి ఒక్కరూ తమకున్న దారుల్లో మంచిదాన్నే ఎంచుకున్నారు. ఏజెంటుకు కట్టిన అప్పు, ఏళ్ల తరబడి పిల్లలకు దూరంగా ఉండటం కూడా ఖర్చులో భాగమే గానీ, పంపిన డబ్బు లెక్కలో అవి కనిపించవు.

మూడో విషయం అన్నిటికన్నా ముఖ్యం. ఈ రోజున్న ప్రయోజనం రేపు అలాగే ఉండాలని ఏమీ లేదు. రేగడి, చెల్క ప్రకృతి ఇచ్చినవి. నేత, యంత్రాలు, డిజైన్, నైపుణ్యం మనుషులు సంపాదించుకునేవి. 1960లలో దక్షిణ కొరియా ఎగుమతుల్లో విగ్గులు, ప్లైవుడ్ ఉండేవి. అప్పటి ధరలను బట్టి అదే దాని తులనాత్మక ప్రయోజనం. ఉక్కు కర్మాగారానికి రుణం అడిగితే ప్రపంచ బ్యాంకు లాభసాటి కాదంది. అయినా 1968లో పెట్టిన పోస్కో కంపెనీ ఆ కర్మాగారాన్ని కట్టింది, తర్వాత అది ప్రపంచంలోని పెద్ద ఉక్కు కంపెనీల్లో ఒకటైంది. దీన్ని పట్టుకుని ప్రతి పరిశ్రమకూ రక్షణ కావాలనడం తొందరపాటు. రక్షణలో పెరిగి ఎప్పటికీ సొంత కాళ్ల మీద నిలబడని కంపెనీలు ప్రతి దేశంలోనూ ఉన్నాయి. కొరియాలో సాయం అందుకున్న కంపెనీలు ఎగుమతి చేసి చూపించాల్సి వచ్చింది. తేడా అక్కడుంది.

గీసుకొండ, సంగెం మండలాల్లో 1,200 ఎకరాలకు పైగా భూమిలో 2017లో శంకుస్థాపన చేసిన కాకతీయ మెగా జౌళి పార్కును ఈ వెలుగులో చూడాలి. కేరళ నుంచి కైటెక్స్, దక్షిణ కొరియా నుంచి యంగ్‌వన్ అక్కడికి వచ్చాయి. పత్తి పండే చోటే బట్ట తయారు కావాలన్న కోరిక వినడానికి బాగుంటుంది గానీ, ముడి సరుకు పక్కనే ఉండటం ఒక్కటే సరిపోదు. పత్తి పెద్దగా పండని బంగ్లాదేశ్ దిగుమతి చేసుకున్న దూదితో ప్రపంచానికి బట్టలు కుట్టి పంపుతోంది. వరంగల్‌కు ఆ బలం రావాలంటే కుట్టుపని, రంగుల అద్దకం, యంత్రాల మరమ్మతు తెలిసిన చేతులు కావాలి. రేవుకు త్వరగా చేరే రైలు కావాలి. పార్కు కోసం రైతులు ఇచ్చిన భూమిలో పండేది ఎంత, రాయితీలకు పెట్టిన ప్రజల డబ్బుతో ఇంకేం చేయగలిగేవారు అన్న రెండు అంకెలు ఒకవైపు రాయాలి. రెండోవైపు, అక్కడ పని దొరికిన స్థానిక యువతికి పత్తి ఏరే కూలి మీద ఎంత ఎక్కువ వస్తోంది, సూరత్ నుంచి ఎన్ని కుటుంబాలు తిరిగొచ్చాయి, చుట్టుపక్కల పత్తి రైతుకు క్వింటాలు మీద ఎంత పెరిగింది అన్నవి రాయాలి. కంపెనీల పెట్టుబడి ప్రకటనల్లో ఈ అంకెలు ఉండవు. వాటిని ఏటా జిల్లా ప్రజల ముందు పెట్టే బాధ్యత ప్రభుత్వానిది.